పెద్దల మాట దాచుకొనుట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)

తరతరములుగా బెంగుళూరున నిలిచిన మన యిండ్ల తెలుగు పెద్దలతోనే అంతరించుచున్నది. మా పెద్దమ్మగారి మాటలను వీడియో తీసితిని; బొమ్మ చక్కగా వచ్చెను, మాట ఫ్యాను రొదలో కలిసిపోయెను. ఆమె నేడు లేరు.

కావున ఖరీదైన కెమెరాకై ఆగవలదు. చేతిలోని ఫోను చాలును. సొమ్మును మైకుపై వెచ్చింపుడు. చౌక వైర్‌లెస్ మైకులు పెక్కు వైఫై వలెనే 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను వాడును. నడుమ మనిషి నిలిచినను మాట తెగవచ్చును. మైకును గడ్డమునకు జానెడు దిగువన తగిలింపవలెను. ఎస్.పి. రోడ్డులో కొనునపుడు మీ ఫోనుకే రిసీవరు తగిలించి, మాట రికార్డు చేసి, విన్న పిమ్మటనే పైకము చెల్లింపుడు.

ఈ ఆదివారమే ఫ్యాను ఆపి, మీ యింటి పెద్దలను పలికింపుడని నా మనవి.