గాబరోన్ డిటెక్టివమ్మ

డిటెక్టివ్ అనగానే మనకు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు గుర్తొస్తారు. ప్రెషస్ రామోత్స్వే దారి వేరు. తండ్రి వదిలివెళ్ళిన పశువులను అమ్మి, బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచిందామె. ఆమె కథలు చెప్పే నవలల వరుసలో మొదటిది 1998లో వచ్చింది. రచయిత అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ ఇప్పటి జింబాబ్వేలో పుట్టిన న్యాయశాస్త్ర ఆచార్యుడు, బోట్స్వానాలోనూ పాఠాలు చెప్పినవాడు.

ఒక కేసు చెబుతాను. ఎన్నాళ్ళుగానో కనిపించని తండ్రిని నేనేనంటూ ఒకడొచ్చి కూతురింట్లో తిష్ఠ వేస్తాడు. రామోత్స్వే నర్సు వేషంలో వెళ్ళి, “మీ అమ్మాయికి ప్రమాదం జరిగింది. మీ రక్తం చాలా కావాలి, మీ ప్రాణానికే ముప్పు రావచ్చు” అంటుంది. తాను తండ్రిని కానని వాడు అక్కడికక్కడే ఒప్పేసుకుంటాడు!

హైదరాబాద్ బేగంబజార్ టోకు కొట్లలో మనిషి మాట తీరు చూసి అరువిచ్చే పెద్దలకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. అందుకే ఆమెను ఆ గల్లీల్లో ఊహించుకోవడం నాకెంతో ఇష్టం. ఇంగ్లీషు చదవగలిగినవారు మొదటి నవలతోనే ప్రారంభించండి. సెక్రటరీ కోర్సులో 97 శాతం మార్కులు తెచ్చుకున్న గ్రేస్ మకూట్సీ కూడా అందులోనే పరిచయమవుతుంది.