మాంత్రిక కథలు – మన పిల్లలు



బాలల బీరువానుండి మాంత్రిక కథలను తొలగింపవలెనని కొందఱు పెద్దల అభిప్రాయము. సూరనార్యుని కళాపూర్ణోదయమున మణిస్తంభుడను సిద్ధుని మెచ్చుకొను మనము, పిల్లల పుస్తకములోని మాంత్రికుని ఏల వెలివేయవలెను? 1954లో చందమామలో ‘తోకచుక్క’తో ఆరంభమైన దాసరి సుబ్రహ్మణ్యముగారి సాహసగాథలకై ఎందఱు పిల్లలు నెలనెల ఎదురుచూచిరి! చదువు వారికి రుచించినది అచ్చటనే.

ఈజిప్టు మంత్రకథ చదివిన పిల్లవాడు “మమ్మీ నిజముగా నుండునా?” అని అడుగును. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమున రెండువేల యేండ్లకు పైబడిన మమ్మీ కలదు, చూపింపుడు. అది లేచి రాదు. శవమును నేట్రానను లవణముతో నెండబెట్టి, నారబట్ట పట్టీలు చుట్టి భద్రపఱచిన నేర్పే ఆ మంత్రమని వాడే గ్రహించును.

లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: నేడు మాంత్రికునికై జారీ పుస్తకమున సంతకము చేసినవాడే రేపు చరిత్రకై చేయును. ఆ బీరువాకు తాళము వేయకుడని నా మనవి.