కొత్త మేనేజరు - పాత అభిమాని

ఇంగ్లండు దేశంలో ఏదైనా పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త మేనేజరును నియమించినదన్న వార్త వెలువడిన రోజున ఆ ఊరిలో అదొక్కటే ప్రసంగం. కార్ఖానాలోను, బస్సులోను, మధుశాలలోను, ఇంట్లో భోజనాల దగ్గరను అదే మాట. అప్పటికి ఆ కొత్తవాడు తన జట్టును ఒక్క ఆటలోనైనా దింపి ఉండడు. అయినా అతనిపై తీర్పు మాత్రం అప్పుడే వెలువడుతుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మన సామెత జ్ఞాపకం వచ్చి నవ్వుకునేవారు ఉండవచ్చును. కాని ఆ తీర్పు నిజంగా దేనిమీద చెప్పినదో కొంచెం విచారించి చూస్తే ఆ నవ్వు చాలావరకు తగ్గుతుంది.

మేనేజరు అనగానే మనకు బ్యాంకు మేనేజరో, సినిమాహాలు మేనేజరో మనసులో మెదులుతారు. ఫుట్‌బాల్ మేనేజరు పని వేరు. ఎవరు ఆడవలెను, ఎవరు బయట కూర్చొనవలెను, ఏ వ్యూహంతో ఆడవలెను అన్న నిర్ణయం అతనిది. గెలిచినప్పుడు కీర్తిని ఆటగాళ్లతో పంచుకుంటాడు. ఓడినప్పుడు నిందను మాత్రం ఒంటరిగా మోస్తాడు. మన హైదరాబాదులో ఇటువంటి బాధ్యత వహించిన ప్రముఖుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత ఆయన ఉపాధ్యాయుడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణభారం స్వీకరించి, 1963లో మరణించేవరకు దానిని విడువలేదు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకం పొందినది ఆయన శిక్షణలోనే. జట్టును తీర్చిదిద్దడానికి వ్యవధి దొరికిన మనిషి ఏమి చేయగలడో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఇంగ్లండు క్లబ్బులలో అటువంటి వ్యవధి నేడు అరుదు. మేనేజర్లు తరచుగా మారుతూనే ఉంటారు. కొత్తవాడు వచ్చినప్పుడల్లా అభిమాని మూడు ప్రశ్నలు వేస్తాడు. ఇతడెవరు? ఎక్కడినుండి వచ్చినాడు? ఎవరిని పంపివేసి ఇతనిని తెచ్చినారు? మూడు ప్రశ్నలూ ఒకే కేకగా వినబడుతవి. కాని మూడింటికి సమాధానం ఒకటి కాదు. అసలు విషయమంతా ఈ భేదంలోనే ఉన్నది.

మొదటి ప్రశ్న తీసుకుందాము. 1996లో లండనులోని ఆర్సెనల్ క్లబ్బు ఆర్సేన్ వెంగర్ అనే ఫ్రెంచివానిని నియమించినది. అప్పటికి ఆయన జపానులో నగోయా జట్టుకు శిక్షకుడు. లండను సాయంకాల పత్రిక ఒకటి ‘ఆర్సేన్ ఎవరు?’ అని శీర్షిక పెట్టినది. చాలామంది అభిమానుల మనసులో ఉన్న మాట కూడా అదే. సమాధానం మైదానంలో వచ్చినది. 1998లో ఆర్సెనల్ లీగు విజేతగా నిలిచి, ఎఫ్.ఏ. కప్పును కూడా గెలుచుకున్నది. 2003-04లో లీగు ఆటలు ముప్పది యెనిమిదింటిలో ఒక్కటైనా ఓడలేదు.

2015లో లెస్టర్ సిటీ క్లబ్బు ఇటలీ దేశీయుడైన క్లాడియో రానియేరిని తీసుకొన్నది. అంతకు కొద్ది మాసాల ముందే, చిన్న ద్వీపాల జట్టైన ఫారో చేతిలో స్వదేశంలోనే ఓడిపోయినందుకు గ్రీసు దేశం ఆయనను తొలగించి ఉన్నది. లెస్టర్ జట్టుకు పూర్వం ఆడిన గ్యారీ లినేకర్ వంటివాడే బహిరంగంగా ఆశ్చర్యం ప్రకటించినాడు. ఆ ఏడు లెస్టర్ లీగు గెలుస్తుందని పందెం కాసేవారికి ఒకటికి ఐదువేలు ఇస్తామన్నారు. 2016 మే నెలలో లెస్టర్ లీగు గెలిచినది. ‘ఇతడెవరు?’ అన్నది తెలియనితనంనుండి పుట్టిన ప్రశ్న. తెలియనితనం ఫలితాలతో తీరిపోతుంది.

రెండవ ప్రశ్న ఇంత సులభం కాదు. బర్మింగ్‌హాం నగరంలో ఆస్టన్ విల్లా, బర్మింగ్‌హాం సిటీ అని రెండు క్లబ్బులున్నవి. వాటి వైరం తరతరాలనుండి వస్తున్నది. 2011 జూన్‌లో అలెక్స్ మెక్లీష్ బర్మింగ్‌హాం సిటీ మేనేజరు పదవికి రాజీనామా చేసిన కొద్దిరోజులలోనే విల్లాకు మేనేజరు అయినాడు. విల్లా మైదానం వెలుపల అభిమానులు గుమిగూడి నిరసన తెలిపినారు. ఆయన అసమర్థుడన్నది ఒక్కటే వారి ఫిర్యాదు కాదు. ఆ ఏడు ఆయన జట్టు దిగువ లీగుకు పడిపోయిన మాట నిజమే. కాని అదే ఏడు ఆర్సెనల్‌ను ఓడించి లీగ్ కప్పును గెలిచినది కూడా. వారిని నొప్పించినది ఆయన వచ్చిన గడప. మరుసటి ఏడు విల్లా పదునారవ స్థానానికి దిగజారినది. 2012 మేలో ఆయనను పంపివేసినారు.

ఎదుటి గడపనుండి వచ్చినవాడు ఎన్నటికీ ఇమడడని దీనినిబట్టి నిర్ణయించరాదు. మన దేశంలోనే, కలకత్తాలో, ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కలదు. 1975 ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనలులో ఈస్ట్ బెంగాల్ జట్టు మోహన్ బగాన్‌ను ఐదు గోలులతో చిత్తుచేసినది. ఆనాడు ఈస్ట్ బెంగాల్‌కు శిక్షకుడు పి.కె. బెనర్జీ. మరుసటి ఏడు ఆయనే మోహన్ బగాన్ శిక్షకుడుగా వచ్చినాడు. 1976 లీగు ఆటలో మోహన్ బగాన్ పక్షాన ఈస్ట్ బెంగాల్‌పై పదునేడు సెకండ్లలోనే గోలు చేసినవాడు మన హైదరాబాదీ మహమ్మద్ అక్బర్. ఆరేళ్లపాటు ఈస్ట్ బెంగాల్ చేతిలోనే ఉన్న లీగు ఆ ఏడు మోహన్ బగాన్‌కు తిరిగి వచ్చినది. అవమానం చేసినవాడే ఆ అవమానాన్ని తుడిచి చూపినాడు. ‘ఎక్కడినుండి వచ్చినాడు?’ అన్న ప్రశ్నకు కూడా సమాధానం ఉండవచ్చును. కాని దాని ధర ఎక్కువ. సామాన్యమైన గెలుపు చాలదు.

ఇక మూడవ ప్రశ్న. 2012 మే నెలలో చెల్సీ క్లబ్బు మొట్టమొదటిసారి యూరపు ఛాంపియన్స్ లీగు గెలిచినది. అప్పటి మేనేజరు రాబర్టో డి మాటియో. ఒకప్పుడు అదే క్లబ్బుకు ఆడిన మనిషి. ఆరు నెలలు తిరిగి నవంబరు వచ్చేసరికి ఆయనను తొలగించి, రాఫేల్ బెనీతెజ్‌ను తాత్కాలికంగా తెచ్చినారు. ఈయన పూర్వం లివర్‌పూల్ మేనేజరుగా 2005లోను, 2007లోను చెల్సీని సెమీఫైనలులో ఓడించి ఇంటికి పంపినవాడు. ఆయన మొదటి ఆటకు మైదానంలో అడుగుపెట్టగానే సొంత జట్టు అభిమానులే గేలి చేసినారు. ఆట పదునారవ నిమిషంలో డి మాటియోను తలచుకొని చప్పట్లు కొట్టినారు. పదునారు ఆయన ఒకప్పుడు ధరించిన అంకె. 2013 మేలో బెనీతెజ్ ఆమ్‌స్టర్‌డాంలో బెన్ఫికాను ఓడించి యూరోపా లీగు తెచ్చి ఇచ్చినాడు. అయినా అభిమానులు ఆయనను తమవానిగా ఎంచుకోలేదు. ఎందుచేత? వారు అడిగినది కప్పు కాదు కనుక. తాము గౌరవించినవానిని అంత తేలికగా పంపివేయడం న్యాయమా అని వారు అడిగినారు. ఆ ప్రశ్న మేనేజరుది కానే కాదు, యజమానిది. బెనీతెజ్ ఎన్ని ఆటలు గెలిచినా దానికి జవాబు చెప్పలేడు.

అభిమాని తీర్పు తప్పదని నేను చెప్పడం లేదు. తిరస్కారంలో తప్పినట్లే ఆదరణలోనూ తప్పుతుంది. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ వచ్చి మూడేళ్లయినా ఫలితం లేదని, ఇక పొమ్మని 1989లో ఒక అభిమాని మైదానంలో బట్టమీద వ్రాసి పట్టుకున్నాడు. ఆ ఫెర్గూసన్ 2013లో విరమించేనాటికి పదమూడు లీగులు గెలిచి ఉన్నాడు. ఆయనే ఎంపిక చేసిన డేవిడ్ మోయెస్‌కు ‘ఎన్నికైనవాడు’ అని బ్యానరు కట్టి స్వాగతం చెప్పినారు. ఆరేళ్ల ఒప్పందం మీద వచ్చిన ఆయన ఏడాదైనా నిండకుండానే నిష్క్రమించినాడు.

అట్లయితే ఇంతగా పొరబడే ఈ కేకను ఎందుకు లెక్కచేయవలెను? ఆటగాడు ఎక్కువ జీతమిచ్చే చోటికి పోతాడు. మేనేజరు వేరొక క్లబ్బుకు మారుతాడు. యజమాని వాటాలు అమ్ముకొని వెళ్లిపోతాడు. తండ్రి చేయి పట్టుకొని మైదానానికి వచ్చిన అభిమాని మాత్రం ఎదుటి క్లబ్బుకు మారలేడు. నిర్ణయం ఒకరిది, దాని ఫలితం అనుభవించవలసినది మరొకరు. కదలలేనివానికి మిగిలిన హక్కు గొంతు ఒక్కటే. జర్మనీలో 1998నుండి, కొద్ది మినహాయింపులతో, క్లబ్బు ఓట్లలో సగానికి మించినవి సభ్యుల చేతిలోనే ఉండవలెనన్న నిబంధన కలదు. అక్కడ కూడా మేనేజరును సభ్యులు ఓటువేసి ఎన్నుకోరు. కాని నియమించేవారు సభ్యులకు సంజాయిషీ చెప్పుకొనవలసి ఉంటుంది. ఆ పాటి కట్టుబాటు లేనిచోట కేక మరింత బిగ్గరగా ఉండడంలో వింత లేదు.

కనుక డైరెక్టర్లు ఆ మొదటినాటి కేకను విని చెవులు మూసుకొనరాదు; దానికి జడిసి నిర్ణయం మార్చుకొననూ అక్కరలేదు. అందులో ఉన్నది మూడింటిలో ఏ ప్రశ్నయో గుర్తించవలెను. మొదటిదైతే ఓర్పు పట్టుమని కోరవచ్చును. రెండవదైతే కొత్తవానికి తగినంత వ్యవధి ఇచ్చి అండగా నిలువవలెను. మూడవదైతే ఆ పాపం కొత్తవాని తలకు చుట్టక, తామే ముందుకు వచ్చి సమాధానం చెప్పవలెను. ఈ పని చేయని క్లబ్బులో మేనేజరు ఎన్నిసార్లు మారినా, అభిమాని అడిగిన ప్రశ్న మాత్రం మారకుండా అక్కడే ఉంటుంది.