పరదేశమున మాతృలిపి
(కొడవలూరు గ్రంథాలయమున చేసిన యుపన్యాసము)



చెన్నపట్టణపు హైకోర్టునకు పనిమీద పోయినపుడు, వ్యాజ్యము వాయిదా పడినచో నేను ఆర్మీనియను వీథికి నడచిపోవుదును. దూరము స్వల్పము. అందు 1772లో కట్టిన ఆర్మీనియనుల క్రైస్తవ దేవాలయ మొకటి కలదు. ఆవరణమందలి సమాధి శిలలపై చెక్కిన లిపి మనకు చదువరాదు. అయినను ఆ లిపి చరిత్రము మనవంటివారు వినదగినది.

మెస్రోప్ మష్టోట్స్ అను సన్న్యాసి 405వ సంవత్సర ప్రాంతమున తన జాతి భాషకు 36 అక్షరములు కూర్చెను. మఱి కొన్ని శతాబ్దములకు ఇంకను రెండు చేరినవి. అక్షరములు పుట్టిన యిరువదియేండ్లు దాటగనే, 428లో, వారి రాజ్య మంతరించెను. రాజ్యము పోయినను లిపి పోలేదు. పారసీక దేశమున ఇస్పహాను చెంతనున్న కొత్త జుల్ఫా నుండి వారి వర్తకులు చెన్నపట్టణము చేరినపుడు ఆ లిపియు వెంట వచ్చినది. వారిలో షహమీర్ షహమీరియను అను ధనికుడు ఇచట ముద్రాలయము నెలకొల్పి 1772లో మొట్టమొదట అచ్చొత్తించిన దేమి? వేదాంతము కాదు, కావ్యము కాదు. పిల్లలకు అక్షరములు నేర్పు పుస్తకము! మన పెద్దబాలశిక్ష వంటిదనుకొనుడు.

పిదప హారుత్యూన్ ష్మవోనియను అను పురోహితుడు 1794లో 'అజ్దరార్' అను మాసపత్రికను వెలువరించెను. ప్రపంచమున ఆర్మీనియను భాషలో పుట్టిన మొదటి పత్రిక యదియే. స్వదేశమున గాదు సుమండీ. మన నెల్లూరుసీమ ఆర్కాటు నవాబు ఏలుబడిలో నున్న యా దినములలో, మనకు నూరుమైళ్ల పైచిల్లర దూరమున! 18 సంచికలు వెలువడి 1796లో నిలిచిపోయినది.

మనవారును ఓడలెక్కిరి. మారిషసునందు తెలుగువారికి కోరంగి రేవు పేరుమీదనే 'కోరంగీలు' అను పేరు పడినది. చెన్నపట్టణమున బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 1860 నవంబరు 16న కూలీలతో నేటాలు చేరెను. అది మొదలు అచటికి పోయినవారిలో తెలుగువారును కలరు. అయితే వర్తకుని మూట వేఱు, ఒప్పందపు కూలీ మూట వేఱు. కాగితముపై నిశాని గీచి పోయినవానికి ముద్రాలయ మెక్కడిది? రామభజన తీసికొనిపోయెను, సింహాద్రి అప్పన్నను తీసికొనిపోయెను. అవి నేటికిని మారిషసున నిలిచియున్నవి. కంఠమున నున్నది నిలుచుట సులభము. చేతివ్రాత నిలుచుట కష్టము. దక్షిణాఫ్రికాలో 1931లోను, మారిషసులో 1947లోను మనవారు ఆంధ్ర మహాసభలు స్థాపించుకొని ఆ కష్టమునకు పూనిరి. న్యాయవాదిని గనుక నొకమాట: దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగపు ఆఱవ విభాగమున, ఆదరింపదగిన భాషలలో తెలుగు పేరెత్తి చెప్పబడినది. చదివినపుడు నా రొమ్ము పొంగినది. కాని రాజ్యాంగము పలకమీద ఓనమాలు దిద్దింపదు గదా!

దూరదేశపు మాట యేల? మా మేనల్లుడు అమెరికాలో పుట్టి పెరిగినవాడు. అమ్మమ్మతో చక్కని తెలుగున ముచ్చటించును. ఆమె వ్రాసిన యుత్తరము చేతికిచ్చిన, చదివిపెట్టుమని తల్లికి అందించును. ఆ తల్లి లేనినాడు ఆ యుత్తరము గతి యేమి? వానిని నిందింపజాలను. ఈ కొడవలూరులోనే, మా వీథిలోనే, ఇంగ్లీషు పుస్తకము గడగడ చదివి తెలుగు పత్రికలోని శీర్షికయొద్ద తడబడు పిల్లలు నలుగురున్నారు. నేను ఇంగ్లీషుతో బ్రదుకువాడనే. దానిపై నాకు ద్వేషము లేదు. తిక్కన సోమయాజి మన నెల్లూరివాడని సభలలో చప్పట్లు కొట్టుచున్నాము. ఆ చప్పట్లు కొట్టు తండ్రుల బిడ్డలే వారు.

ఈ గ్రంథాలయపు వెనుకగది సాయంకాలములందు మూసియుండును. శనివారము మొదలు వారమునకు రెండుదినములు నేనచట కూర్చుండెదను. పలకలు పది నేను తెచ్చెదను. పిల్లలను తెచ్చు భారము మీది. ఆఱుగంటలకు తాళము తీయించు భారము కార్యదర్శిగారిది.