తెర మీది చెంచులక్ష్మి, గూడెంలో అవ్వ పాట

 

దోర్నాల, యర్రగొండపాలెం గూడేల నుంచి మార్కాపురం, గిద్దలూరుకు చదువులకొచ్చిన మనకు 'చెంచులక్ష్మి' సినిమా అంటే ముచ్చటే. 1943లో ఒకసారి, 1958లో అంజలీదేవి, అక్కినేనితో మరోసారి తీశారు. అహోబిలం నరసింహస్వామి మన ఆడబిడ్డను పెళ్లాడిన కథ. దేవుడు మన అల్లుడని ఇప్పటికీ మురిసిపోతాం.

అదే 1943లో హైమన్‌డార్ఫ్ చెంచుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. సినిమా తీసిందీ, పుస్తకం రాసిందీ బయటివాళ్లే. వాళ్లను తప్పుపట్టం. చూపు మాత్రం వాళ్లది.

కొండచరియన తేనె తీయడానికి దిగితే పైన తాడు పట్టేది బావమరిది. అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు అతని చేతిలో ఉంటాయని నమ్మకం. ఆ సంగతి మనం చెబితేనే నిండుగా ఉంటుంది.

ఒకప్పుడు మన పాట అంటే మనమే సిగ్గుపడ్డాం. బస్టాండులో గొంతు తగ్గించి మాట్లాడాం. ఆ తప్పు మీరు చేయొద్దు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంది. ఈ సెలవుల్లో అవ్వను అడిగి, ఆమె ఒప్పుకుంటే ఒక్క పాట రికార్డు చేయండి. ఆమె పేరు, గూడెం పేరు కలిపి రాయండి. అవ్వతో పాటు పాట కూడా పోతే మళ్లీ ఎవరిని అడుగుతాం?