మగవాడికి రావలసిన పనులు

(త్రిపురాంతకంలో జరిగిన పురుషుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలం నన్ను మాట్లాడమన్న విషయం “ఆధునిక జీవితంలో మగవాడికి రావలసిన పనులు”. ఈ విషయం ఎంచినవారు ఫ్యూజు వేయటం, పంక్చరు వేయటం, బోరు మోటారు చూసుకోవటం వంటివి నేను చెబుతాననుకొని ఉంటారు. వాటిని గూర్చి కూడా చెబుతాను. అయితే ముందుగా మా నాయన చేతులను గూర్చి చెప్పనివ్వండి.

మా నాయన కపిల తొండాలు కుట్టేవాడు. ఇక్కడ కూర్చున్న యౌవనస్థులలో కపిల చూచినవారు ఒక్కరైనా ఉంటారా అని నా అనుమానం. కరెంటు మోటార్లు రాకముందు బావిలో నీళ్లు పైకి రావాలంటే కపిలే ఆధారం. రెండు ఎద్దులు ఏటవాలు బాటలో దిగుతూ మోకు లాగితే నిండిన బాన పైకి వచ్చేది. బానకు కింద తగిలించిన తోలు తొండం గుండా నీళ్లు తొట్టిలో పడి కాలువకు పారేవి. ఆ తొండం చిరిగితే నీళ్లన్నీ మళ్లీ బావిలోకే. ఎద్దులు గట్టున నిలబడిపోయేవి. పైరు ఎండిపోయేది. ఎంత పెద్ద రైతయినా అప్పుడు మా పల్లెకు మనిషిని పంపవలసిందే.

తోలును సున్నపు గుంటలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరవేసేవాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉన్నది. తరువాత రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలు వారుతోనే కుట్టేవాడు. కుట్టు దగ్గర చుక్క కూడా కారకూడదు. ఆముదం పట్టించి, నీళ్లు పోసి, ఎండలో పైకెత్తి చూచుకొని, “ఊఁ” అనేవాడు. అంతకుమించి పొగుడుకోవటం ఆయనకు తెలియదు. ఆ తొండం భుజాన వేసుకొని వెళ్లి, రైతు వాకిలి బయటే నిలబడి పిలిచేవాడు. ఆయన కుట్టిన తొండంలో పారిన నీళ్లతో పండిన గింజ లోపలికి పోయేది గాని, ఆయన పోగూడదు.

ఆ రోజులలో మన మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మనం అందులో చేరాము. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అప్పటికే ఊరూరా మోటార్లు వచ్చేశాయి. కపిలలు మూలబడ్డాయి. నేను హాస్టలు బడిలో చేరిననాడు మా నాయన ఆరె, రంపె, గూటం ఒక గోనెగుడ్డలో చుట్టి అటకమీద పెట్టి, “ఇవి నీకొద్దు నాయనా” అన్నాడు. నేను కూడా వద్దనే అనుకున్నాను. బడి ఫారంలో తండ్రి వృత్తి అని ఉన్నచోట “వ్యవసాయ కూలి” అని వ్రాశాను. అబద్ధమే. ఆదివారం బడిలో పది ఆజ్ఞలు అప్పజెప్పిన చేతితోనే వ్రాశాను.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. సువార్త మనకు చదువు ఇచ్చింది. చదువు ఉద్యోగం ఇచ్చింది. ఉద్యోగం తెల్లచొక్కా ఇచ్చింది. ఆ చొక్కా మాసిపోతుందని చేతిపనికి దూరం జరిగాము. అంటరానితనం మోపినవారినుండి తప్పించుకుంటున్నామనుకొని, ఆ మోపిన బరువును కాక, తాతల నైపుణ్యాన్ని పారవేశాము. మా తరం చేసిన ఈ పొరపాటును నేను సమర్థించను. అలాగని మా నాయనను తప్పుపట్టను. ఆ గుంటలో నిలబడినవాడికి తెలుస్తుంది, కొడుకును అందులోనుంచి ఎందుకు లాగాలనిపిస్తుందో.

ఈ ప్రాంతపు సంఘాల చరిత్ర చదివితే మన మొదటి విశ్వాసుల చేతులు కనబడతాయి. కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు తోలు బేరం మీద ఉత్తరాదికి పోయినప్పుడే సువార్త విన్నారు. తోలు బేరం లేకపోతే ఆయన ఆ దారిన పోయేవారే కారు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే. తరువాత ధాత కరువు వచ్చింది, 1876 నుండి 1878 వరకు. అప్పుడు క్లౌ దొరగారు గంజి కేంద్రం పెట్టి ఊరుకోలేదు. ఆయనకు సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి కూలి ఇచ్చారు. పారలు పట్టిన ఆ చేతులలో అనేకం తోలు పని చేసిన చేతులే. కరువు తీరిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన కంభం చెరువును నింపి దిగువకు పోయే గుండ్లకమ్మే అది. ఆ మిషను వేరు, మనది వేరు అనేవారు ఉంటారు. కావచ్చు. కరువు మాత్రం అందరిదీ ఒక్కటే గదా.

వేదవాక్యంలో కూడా ఒక సంగతి చూడండి. పేతురు యొప్పే పట్టణంలో ఎవరి యింట చాలా దినములు బసచేశాడు? చర్మకారుడైన సీమోను ఇంట. సముద్రపు ఒడ్డున ఆ ఇల్లు. తోలు ఊరవేసే ఇల్లు ఎలా ఉంటుందో, ఏ వాసన వేస్తుందో మా నాయనను అడిగితే చెప్పేవాడు. అన్యజనులను అపవిత్రులని తలచవద్దనే దర్శనం పేతురుకు ఆ ఇంటి మిద్దెమీదనే కలిగింది. ఈ మాట నేను యాభై ఏండ్లు చదివాను. అది మా ఇల్లే అని అరవై దాటిన తరువాత గాని నాకు తట్టలేదు.

మార్కాపురం పలకల సంగతి కూడా ఇంతే. ఒకప్పుడు బడికి పోయే పిల్లవాడి చంకలో మార్కాపురం పలక ఉండేది. గనిలోంచి తీసిన రాతిని అటు ఇటు తిప్పి, పొర ఎక్కడున్నదో చూచి, అక్కడ ఉలి పెట్టి తట్టితే రొట్టె చీల్చినట్లు రెండుగా విడిపోయేది. ఆ చూపు పుస్తకంలో దొరకదు. దానికి వారు చెల్లించిన వెల కూడా తక్కువ కాదు. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో చేరి దగ్గుతూ పోయినవారిని మనమే సమాధి చేశాము. కనుక పాతదంతా బంగారమని నేను చెప్పటంలేదు.

మన పాత మగతనంలో తప్పులు ఉన్నాయి. పాము కరిచినచోట బ్లేడుతో కోసి నోటితో పీల్చటం, తాడుతో బిగించి కట్టటం మగవాళ్ల పనులుగా ఉండేవి. నల్లమల దగ్గర ఉన్నవాళ్లం గనుక ఇది గట్టిగా చెబుతున్నాను. కోయవద్దు, పీల్చవద్దు, బిగించి కట్టవద్దు, మంత్రగాడి దగ్గరకు పోయి గంటలు పోగొట్టవద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అలాగే కరెంటు. ఇంటిలో ఫ్యూజు పోతే మెయిన్ ఆపి, తడిలేని చేతులతో, చెప్పులు వేసుకొని, సరియైన ఫ్యూజు తీగతో వేయటం ప్రతి పిల్లవాడికీ రావాలి, ఆడపిల్లకు కూడా. అంతేగాని దొరికిన రాగితీగ మెలిపెట్టి చుట్టటం నైపుణ్యం కాదు. ఇల్లు తగలబెట్టుకోవటం. ఇక పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫ్యూజు వేసేవాడిని మొనగాడంటారు. అటువంటి మొనగాళ్ల పెండ్లాలు విధవరాండ్రై మన సంఘాలలోనే ఉన్నారు. “ఇది లైన్‌మన్ పని, నేను ముట్టను” అని నలుగురిలో చెప్పగలగటం మగవాడికి రావలసిన పనే.

ఇప్పుడు నా అసలు సంగతికి వస్తాను. చెప్పటానికి కొంచెం సిగ్గుగా ఉన్నది.

కొన్నేండ్ల క్రిందట నా భార్య వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. మన నీళ్లలోని ఫ్లోరైడు సంగతి మీకు తెలిసినదే. ఎంత కాచినా అది పోదు. మన ప్రాంతంలో మోకాళ్లు, నడుములు పట్టేసిన ఆడవారు ఇంటికొకరు ఉన్నారు. ఆపరేషను చేసి ఇంటికి పంపారు. పిల్లలు దూరాన ఉన్నారు. మొదటి నాలుగు దినాలు ప్రక్కింటి సహోదరి క్యారేజీ ఇచ్చింది. అయిదవ దినం ఆమె పుట్టింటికి పోవలసి వచ్చింది.

ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని నేను. ఆ ఉదయం పొయ్యి ముందు నిలబడితే ఎసరు ఎంత పెట్టాలో తెలియలేదు. మంచం మీదనుంచి ఆమె చెబుతూ ఉంటే చేశాను. గంజి వార్చబోయి చేయి కాల్చుకున్నాను. సగం అన్నం నేలపాలయింది. మిగిలినది అడుగంటింది. దానిలో కాసిన్ని నీళ్లు పోసి మెదిపి తీసుకుపోతే ఆమె రెండు ముద్దలు తిని, “బాగుంది లేవయ్యా” అన్నది. నలభై ఏండ్లలో ఆమె వంటను నేను ఎన్నిసార్లు అలా అన్నానో లెక్కపెట్టబోయి మానుకున్నాను.

అన్నం ఒక్కటే గాదు. మంచం మీద మనిషిని పక్కకు తిప్పటం, లేపి కూర్చోబెట్టటం, పుండ్లు పడకుండా చూడటం కూడా రావాలి. చేతులతో లాగకూడదు, మోకాళ్లు వంచి, మనిషిని దగ్గరకు పొదువుకొని, కాళ్ల బలంతో లేపాలని ఆసుపత్రిలోని ఒక నర్సమ్మ నాకు చూపించింది. ఈ పని మగవాడి భుజబలానికి సరిపోయిన పని. అయినా మనలో ఎందరికి వచ్చు? బస్తా ఎత్తటం వచ్చు, భార్యను ఎత్తటం రాదు. ఆమె మలమూత్రాలు తీసిన మొదటి దినం నాకు వాంతి వచ్చింది. మూడవ దినం రాలేదు.

అప్పుడు నాకు మా నాయన సున్నపు గుంట జ్ఞాపకం వచ్చింది. ఆ వాసనలో నిలబడి ఆయన నన్ను చదివించాడు. ఆ చేతులు నాకొద్దని ఆయన అన్నాడు గాని, చివరకు నాకు కావలసి వచ్చినవి ఆ చేతులే.

ఈ సంగతులు ఎందుకు చెబుతున్నానంటే, మన ప్రాంతంలో వానలు లేక, నీళ్లు లేక పిల్లలు హైదరాబాదుకు, బెంగుళూరుకు పోతున్నారు. ఒక గదిలో నలుగురు, అయిదుగురు మగపిల్లలు ఉంటారు. వండుకోవటం రాక, వచ్చిన కూలిలో అధికభాగం హోటలుకే పోతుంది. జ్వరం వస్తే, విరేచనాలు పట్టుకుంటే చూచేవాడు ఉండడు. లీటరు మంచినీళ్లలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా త్రాగిస్తే మనిషి నిలబడతాడు. చెంచా అంటే టీ చెంచా. ఇది డిగ్రీ చదివిన ఎంతమందికి తెలుసు? మా చిన్నవాడు ఒక రాత్రి ఫోను చేసి, “నాయనా, పప్పుకు తిరగమోత ఎప్పుడు పెట్టాలి?” అని అడిగాడు. వాళ్లమ్మకు ఇవ్వమనలేదు. నన్నే అడిగాడు. జీతం పెరిగిందని చెప్పిననాడు కూడా నాకు అంత సంతోషం కలుగలేదు.

వంట ఆడవారిదే గదా అనేవారికి యోహాను సువార్త 21వ అధ్యాయం చూడమని మనవి. రాత్రంతా వల వేసి వచ్చిన శిష్యులకు ఒడ్డున నిప్పులు చేసి చేపలు కాల్చి పెట్టినది పునరుత్థానుడైన ప్రభువే. గోడ కట్టటం మగవారిదే అనేవారు నెహెమ్యా 3వ అధ్యాయం చదవండి. యెరూషలేము ప్రాకారాన్ని బాగుచేసినవారిలో కంసాలి ఉన్నాడు, సుగంధ ద్రవ్యాలు చేసేవాడున్నాడు, షల్లూము తన కుమార్తెలతో కలసి ఉన్నాడు. ఎవరి ఇంటి ఎదుట వారు కట్టారు.

మన గుడి గోపురానికి రంగులు వేస్తున్నాము, మంచిదే. నా మనవి ఒక్కటి. నెలకు రెండు శనివారాలు, సాయంత్రం గంటన్నర, గుడి వరండా మనకు ఇవ్వమని కమిటీవారిని అడుగుతున్నాను. మన సంఘంలో కరెంటు పని తెలిసినవారున్నారు, తాపీ పనివారున్నారు, కుట్టు మిషను తొక్కేవారున్నారు, ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన అక్కయ్యలున్నారు. ఈత బాగా వచ్చినవారున్నారు. సొరబుర్ర కట్టి బావిలో నేర్పే కాలం పోయింది గనుక, పిల్లలు చెరువులో, బావిలో మునిగిపోతున్నారని విన్నప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. వీరందరూ నేర్పాలి. మగపిల్లలు, ఆడపిల్లలు కలసి నేర్చుకోవాలి. పరీక్ష లేదు, సర్టిఫికెట్టు లేదు.

మా నాయన గోనెమూటను పోయినేడు అటకమీదనుంచి దించాను. గూటం పుచ్చిపోయింది. ఆరె మాత్రం తుప్పు తుడిస్తే బాగానే ఉన్నది. తెగిన చెప్పు వారు, సంచీ పట్టీ కుట్టటం వరకు నేను చూపించగలను, చిన్నప్పుడు చూచిన గుర్తుతో.

మొదటి శనివారం మాత్రం అన్నం వండటం. బియ్యం మా ఇంటినుంచి తెస్తాను, గిన్నె గుడిదే ఉన్నది. నేర్పేది నా భార్య. కుర్చీలో కూర్చుని చెబుతానన్నది. గంజి వార్చేటప్పుడు పట్టుకోవటానికి ప్రతివాడూ ఒక పాత గుడ్డ తెచ్చుకోవాలని చెప్పమన్నది.