గుత్తి వకీలు కేశవపిళ్లెగారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్నాజ్ఞాపించిరి. నేను బడిలో చదివినది స్వల్పము. పగలు గ్రామలెక్కలు వ్రాసి, రాత్రులు ఈ బీరువాలలోని భారత భాగవతములతో అక్షరములు దిద్దుకొన్నవాడను. కావున వ్రాతకుగల బలమును గూర్చియే చెప్పెదను.

మన యూరి మీదుగా ఉత్తరమునకు పోవు పెద్దబాట పెనుకొండ, అనంతపురములు దాటి గుత్తిని చేరును. అచ్చట వకీలుగా నుండి, 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభకు వెళ్లినవారు కేశవపిళ్లెగారు (1860–1933). ‘హిందూ’ పత్రికకు గుత్తినుండి వార్తలు వ్రాసినవారును వారే.

1893 అక్టోబరులో గుంతకల్లు కడ తెల్లసైనికులు ఇద్దరు స్త్రీలను తరిమిరి. రైలుగేటు కాపరి హంపన్న ఆ స్త్రీలకు ఆశ్రయమిచ్చి, తాను తుపాకి గుండుకు బలియయ్యెను. పిళ్లెగారు ఆ దారుణమును పత్రికకెక్కించిరి. మదరాసులో విచారణ జరిగి ముద్దాయి నిర్దోషియని విడువబడెను. న్యాయస్థానమున హంపన్నకు న్యాయము దొరకలేదు. అయినను గుత్తిలో ఆతని పేర స్మారకశిల నిలిచినది.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఒక కరవు యేట ఎండిన వేరుసెనగ చేలను చూచియు, పైవారి కోపమునకు వెఱచి, అడంగల్లో పంట కొంత పండినదని వ్రాసితిని. ఒక వితంతువుకు రావలసిన సాయము రాకపోయెను. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. హంపన్న వృత్తాంతము చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాటినుండి చేనిలో దిగి చూడక అంకె వేసి యెఱుగను.

పిళ్లెగారు మదరాసు శాసనమండలి సభ్యులై, 1920లో దానికి ఉపాధ్యక్షులైరి. 1922లో సముద్రములు దాటి, దక్షిణ అమెరికాలోని బ్రిటిషు గయానాకేగి, చెఱకుతోటలకు వలసపోయిన మన దేశీయుల స్థితిగతులను విచారించి, వెంకటేశ నారాయణ తివారిగారితో కలసి నివేదిక వ్రాసిరి. పదవి పెరిగినను పని మారలేదు. పేదవాని కష్టమును కన్నులార చూచి వ్రాయుటయే వారి పని.

ఈ గ్రంథాలయమున చదువు బాలబాలికలు వకీళ్లో, శాసనసభ్యులో కావచ్చును. కాకున్నను లోపము లేదు. పొరుగువాని కష్టమును ఉన్నదున్నట్లు ఒక అర్జీలో వ్రాయనేర్చిన చాలును. స్వస్తి.